పదేళ్ల పిల్లల మ్యాచ్‌కు ‘గోల్స్ వర్షం’ శీర్షిక వద్దు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల ఫుట్‌బాల్ టోర్నమెంట్లకు ఆటల పేజీలో చోటు దొరకడం సంతోషమే. ఆ వార్తలు రాసే తీరు గురించే ఈ ఉత్తరం. అండర్-10 మ్యాచ్‌లో ఒక జట్టు 14–0తో గెలిస్తే ‘చిత్తు చేసింది’, ‘మట్టి కరిపించింది’, ‘గోల్స్ వర్షం కురిపించింది’ అని రాస్తారు. ఏడు గోల్స్ కొట్టిన పిల్లవాడి ఫొటో వేస్తారు. చివర్లో కోచ్‌కు అభినందనలు. పిల్లల ఆట తెలిసినవాళ్లకు ఆ 14–0లో కోచ్ ప్రతిభ కనిపించదు. మ్యాచ్ మధ్యలో అతను చేయాల్సిన పని చేయలేదని, నిర్వాహకులు పెద్దల గోల్‌పోస్టుల మధ్య చిన్నపిల్లల్ని నిలబెట్టారని అర్థమవుతుంది.

ముందు గోల్‌పోస్టుల సంగతి. పెద్దల గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. తొమ్మిదేళ్ల కీపర్ ఎగిరినా పై బార్‌కు దగ్గరగా వచ్చే బంతి అందదు. అవతలి జట్టులో బలంగా తన్నగలిగే ఒక్క పిల్లవాడు ఉంటే చాలు, దూరం నుంచి కీపర్ తల మీదుగా బంతి లేపుతూ పోతాడు. లేపిందల్లా గోలే. ఆ పిల్లవాడు డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపించుకుంటూ పోవడం) నేర్చుకోడు, తలెత్తి తోటివాణ్ని చూడటం నేర్చుకోడు, ఎందుకంటే ఆ అవసరమే రాలేదు. రెండు మూడేళ్లలో కీపర్లు ఎత్తు పెరిగాక అతని దగ్గర ఇంకో విద్య ఉండదు. అమెరికాలో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు జట్టుకు నలుగురు, తొమ్మిది పదేళ్లవాళ్లకు ఏడుగురు, 11–12 ఏళ్లవాళ్లకు తొమ్మిదిమంది, ఆ తర్వాతే 11 మంది అన్న పద్ధతి పెట్టారు. ఏడుగురి ఆటకు 3.66 మీటర్ల వెడల్పు, 1.83 మీటర్ల ఎత్తున్న గోల్ సరిపోతుంది. అలాంటి పోస్టులు దొరక్కపోతే పెద్ద గోల్ లోపల రెండు కర్రలు పాతి, పైన తాడు కట్టినా సరే, పని జరుగుతుంది.

బంతి విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం. ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు 3వ నంబరు బంతి, తొమ్మిది నుంచి 12 దాకా 4వ నంబరు, ఆ తర్వాత 5వ నంబరు. 5వ నంబరు బంతి చుట్టుకొలత 68–70 సెంటీమీటర్లు, బరువు 410–450 గ్రాములు. తొమ్మిదేళ్ల కాలికి ఆ బరువు ఎక్కువ. పాదం లోపలి అంచుతో తోస్తే బంతి ముందుకు పోదు కాబట్టి పిల్లవాడు వేలి కొసతో పొడవడం మొదలుపెడతాడు, నడుం వెనక్కి వాలుస్తాడు. ఒకసారి పడిన ఆ అలవాటు మాన్పించడానికి తర్వాత ఏళ్లు పడుతుంది. గాలి నిండా కొట్టి రాయిలా చేసిన బంతి ఇంకా ప్రమాదం. బొటనవేలితో గట్టిగా నొక్కితే కాస్త లోపలికి దిగాలి.

ఇన్ని సరిచేసినా కొన్నిసార్లు రెండు జట్ల మధ్య బలంలో తేడా ఉంటుంది. పెద్ద తేడాతో గెలుస్తున్న జట్టు కోచ్ ఎలాంటివాడో తెలిసేది అప్పుడే. తేడా నాలుగు గోల్స్‌కు చేరగానే ముందు ఆడేవాళ్లను వెనక్కి, వెనక ఆడేవాళ్లను ముందుకు మార్చాలి. ఎప్పుడూ డిఫెన్స్‌లో నిలబడే పిల్లవాడికి గోల్ ముందు బంతి దొరికే అవకాశం అదే. ఆ తర్వాత కూడా గోల్స్ పడుతుంటే అలవాటు లేని కాలితోనే కొట్టాలని, ఐదు పాస్‌లు పూర్తయ్యాకే షాట్ తీయాలని చెప్పవచ్చు. ఈ మాటలు ఆట ఆగినప్పుడు దగ్గరకు పిలిచి చెవిలో చెప్పాలి. టచ్‌లైన్ (గ్రౌండ్ పక్క గీత) నుంచి అరిచి చెబితే ఎదుటి పిల్లలకు వినపడుతుంది, ఆ అవమానం 14 గోల్స్ కంటే లోతుగా దిగుతుంది. ‘ఇంక గోల్స్ కొట్టకండి’ అని ఆజ్ఞ వేయడం మరో తప్పు. అప్పుడు పిల్లలు బంతిని తమలో తాము తిప్పుకుంటూ, అవతలివాళ్లను చుట్టూ పరుగెత్తిస్తూ నవ్వుతారు. ఓడుతున్న పిల్లలకు దీనికంటే కష్టమైనది లేదు. ఎదుటివాళ్లు పసిగట్టలేని షరతు పెట్టడమే కోచ్ నేర్పు. కొన్ని పిల్లల లీగుల్లో నాలుగు గోల్స్ వెనకబడ్డ జట్టు ఒక ఆటగాణ్ని అదనంగా దించుకోవచ్చు, తేడా తగ్గితే అతను బయటికి వస్తాడు. నిర్వాహకులు ఈ నియమాన్ని ముందే రాసి పెడితే కోచ్‌ల మొహమాటానికి తావే ఉండదు.

అసలు ఈ తేడా పుట్టేది మ్యాచ్ రోజున కాదు, ప్రాక్టీసులో. చాలా గ్రౌండ్లలో కనిపించే దృశ్యం ఇది. 16 మంది పిల్లలు ఒకే వరసలో నిలబడతారు, ఎదురుగా ఒక గోల్, కోచ్ దగ్గర ఒకటో రెండో బంతులు. ఒక్కొక్కరు వచ్చి షాట్ కొట్టి వరస చివరికి వెళతారు. బంతి తెచ్చుకునే సమయంతో కలిపి షాట్‌కు 20 సెకన్లు అనుకుందాం. ఒక పిల్లవాడి వంతు ఐదు నిమిషాల 20 సెకన్లకు ఒకసారి వస్తుంది. 15 నిమిషాల సాధనలో ఒక్కొక్కరికి మూడు షాట్లు కూడా దక్కవు. మిగతా సమయమంతా వరసలో తోసుకోవడం, గిల్లుకోవడం, తర్వాత ‘క్రమశిక్షణ లేదు’ అని కోచ్ తిట్టడం, గ్రౌండ్ చుట్టూ పరుగు శిక్ష. పరుగును శిక్షగా వాడిన చోట పిల్లలకు పరుగు మీద ఇష్టం ఎక్కడి నుంచి వస్తుంది?

అదే 16 మందిని నలుగురేసి నాలుగు గుంపులు చేసి, కోన్లతో రెండు చిన్న గ్రౌండ్లు గీస్తే నలుగురితో నలుగురు ఆడుకోవచ్చు. ఒక్కో గ్రౌండ్ సుమారు 25 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉంటే చాలు. రెండు మీటర్ల వెడల్పు గోల్స్, కీపర్ ఉండడు. మూడు నిమిషాలు ఆట, ఒక నిమిషం విరామం. ఇలా ఐదుసార్లు తిప్పితే 20 నిమిషాలు. ప్రతి విరామంలో మొదటి గ్రౌండ్‌లో ఓడిన జట్టు రెండో గ్రౌండ్‌కు, రెండో గ్రౌండ్‌లో గెలిచిన జట్టు మొదటి గ్రౌండ్‌కు మారాలి. రెండు మూడు మార్పుల్లోనే సమానమైన జట్లు ఎదురెదురు పడతాయి. ఎవరు బలవంతులో, ఎవరు బలహీనులో కోచ్ నోటితో చెప్పనక్కర్లేదు. అదనపు బంతులు టచ్‌లైన్ పక్కన పెట్టుకోవాలి. ఒకటి బయటికి పోగానే ఇంకొకటి లోపలికి వేయాలి, పోయినదాన్ని విరామంలో తెచ్చుకోవచ్చు.

ఇందులోనూ తప్పులు జరుగుతాయి. గ్రౌండ్ మరీ పెద్దదైతే వేగంగా పరుగెత్తేవాడు ముందుకు తన్ని వెంటపడటమే ఆటవుతుంది. మరీ చిన్నదైతే తిరగడానికి చోటుండదు, దెబ్బలన్నీ పిక్కల మీదే. కోచ్ ప్రతి అర నిమిషానికీ విజిల్ ఊది ఉపన్యాసం ఇవ్వడం అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు. ఒక్కో మూడు నిమిషాల ఆటలో ఒక్కసారి ఆపితే ఎక్కువ. ఆపినప్పుడు అందరూ ఉన్నచోటే నిలబడాలి, ఒక్క విషయమే చెప్పాలి, 20 సెకన్లలో ఆట మళ్లీ మొదలవ్వాలి. పిల్లల్ని చేర్పించే ముందు తల్లిదండ్రులు ఒక చిన్న పని చేయవచ్చు. ఒక ప్రాక్టీసు చూడండి. బాగా ఆడేవాణ్నీ వద్దు, కొత్తగా చేరినవాణ్నీ వద్దు, నడిమధ్య పిల్లవాణ్ని ఎంచుకుని పది నిమిషాల్లో అతని కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో కాగితం మీద గీతలు గీయండి. కోచ్ గోడకు వేలాడే సర్టిఫికెట్ కంటే ఆ గీతలు నమ్మదగినవి.

సర్టిఫికెట్లు వద్దని కాదు. లైసెన్సు కోర్సులు ఉండాలి, ప్రథమ చికిత్స శిక్షణ ఉండాలి, పిల్లల రక్షణ నియమాలు తెలిసి ఉండాలి. ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడితో ఒంటరిగా గదిలోగానీ వాహనంలోగానీ ఉండకూడదన్నది, పిల్లలకు పంపే ప్రతి సందేశమూ తల్లిదండ్రులున్న గ్రూపులోనే వెళ్లాలన్నది ఇందులో మొదటి పాఠం. దీనికి మినహాయింపు అడిగే కోచ్ మీద వెంటనే అనుమానపడాలి.

ఇక బెంచ్, అంటే ఆడే వంతు కోసం పక్కన కూర్చునే పిల్లల సంగతి. పిల్లల ఫుట్‌బాల్‌లో బయటికి వచ్చిన ఆటగాడు మళ్లీ లోపలికి వెళ్లేందుకు ఆట నియమాలు వీలు కల్పిస్తున్నాయి. నిర్వాహకులు దాన్ని వాడుకోవడమే తరువాయి. ఏడుగురి జట్టు, మొత్తం పది మంది పిల్లలు, 20 నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలు అనుకుందాం. మొత్తం 40 నిమిషాలను నాలుగు నిమిషాల పది ముక్కలు చేయండి. ప్రతి ముక్కలో ముగ్గురు బయట ఉంటారు. ప్రతి పిల్లవాడూ మూడు ముక్కలు, అంటే 12 నిమిషాలు కూర్చుంటాడు, 28 నిమిషాలు ఆడతాడు. కీపర్‌ను అర్ధభాగానికి ఒకర్ని పెట్టి ఈ లెక్క కొద్దిగా సర్దుకోవచ్చు. ఈ పట్టిక మ్యాచ్‌కు ముందు రాయాలి, రాసి వేరే మనిషి చేతికి ఇవ్వాలి. ‘ఆటను బట్టి చూసుకుందాం’ అనుకున్న కోచ్, స్కోరు 1–1 అయిన క్షణంలో ఎవరిని మరిచిపోతాడో అందరికీ తెలుసు. చివరి రెండు నిమిషాలకు దించిన పిల్లవాడికి బంతి తగలకముందే విజిల్ పడుతుంది. ఇంటికెళ్లి అతను ఆడానని చెప్పుకోలేడు, ఆడలేదనీ చెప్పుకోలేడు.

బెంచ్ మీద ఎవరు కూర్చుంటున్నారో పుట్టిన నెలలు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. వయసు లెక్క జనవరి 1తో మొదలైతే జనవరిలో పుట్టినవాడికీ, అదే ఏడాది డిసెంబరులో పుట్టినవాడికీ మధ్య దాదాపు ఏడాది తేడా. పదేళ్ల వయసులో అది జీవితంలో పదో వంతు. ఎత్తు, బలం, వేగం అన్నిటిలో తేడా కనిపిస్తుంది. దాన్నే ప్రతిభ అనుకుని ఏడాది మొదట్లో పుట్టినవాళ్లను ఎంపిక చేసుకుంటూ పోవడం యువ ఫుట్‌బాల్‌లో ప్రపంచమంతటా నమోదైన సంగతి. జట్టు జాబితాలో పేరు పక్కన పుట్టిన నెల రాయండి. సగానికి మించి మొదటి మూడు నెలల పిల్లలే ఉంటే ఎంపిక జరిగింది ఒడ్డూ పొడుగూ చూసి.

టచ్‌లైన్ మీద గొంతు గురించి ఎంత రాసినా తక్కువే. ‘కొట్టు! పాస్ ఇవ్వు! అటు కాదు ఇటు!’ అని కోచ్ ఒకవైపు, తండ్రి ఇంకోవైపు, మేనమామ మరోవైపు అరుస్తుంటే బంతి కాళ్ల దగ్గరున్న పిల్లవాడు ఆట చూడటం మానేసి గొంతుల వైపు చూస్తాడు. ఆ ఒక్క క్షణంలో బంతి పోతుంది, మళ్లీ తిట్లు. బంతి కాళ్ల దగ్గరున్న పిల్లలతో మాట్లాడకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం గోల తగ్గుతుంది. చెప్పదలచింది బంతికి దూరంగా ఉన్నవాడికి చెప్పవచ్చు, లేదా బంతి బయటికి పోయినప్పుడు చెప్పవచ్చు. తల్లిదండ్రుల్ని టచ్‌లైన్‌కు రెండు మీటర్ల వెనక తాడు కట్టి, కోచ్‌లకు ఎదురువైపు నిలబెట్టాలి. గోల్ వెనక ఎవరినీ నిలబడనివ్వకూడదు, ఎందుకంటే తప్పు జరిగిన వెంటనే కీపర్‌కు అన్నిటికంటే దగ్గరగా వినపడేది వాళ్ల మాటే.

తప్పు చేసిన వెంటనే ఆ పిల్లవాణ్ని బయటికి పిలవడం కోచ్ చేయగల అతి క్రూరమైన పని. చుట్టూ ఉన్న పిల్లలంతా అందులోంచి నేర్చుకునేది ఒక్కటే: బంతి నా దగ్గరికి రాకుంటే బాగుండు. అమెరికాలో రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లల బేస్‌బాల్ కోచ్‌లకు చిన్న శిక్షణ రూపొందించారు. ప్రయత్నాన్ని మెచ్చుకోవాలి, తప్పు జరిగితే ముందు ధైర్యం చెప్పి తర్వాత ఎలా చేయాలో చూపాలి, శిక్షించకూడదు, అంతే. 1992లో వచ్చిన అధ్యయనంలో, మామూలు కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో 26 శాతం మరుసటి సీజన్‌కు తిరిగి రాలేదు. శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర మానేసినవాళ్లు 5 శాతం. ఆట వేరైనా పిల్లలు వాళ్లే. అమెరికా పరిశోధకురాలు అమాండా విసెక్ బృందం ఫుట్‌బాల్ ఆడే పిల్లల్ని ఆటలో ఏది సరదా అని అడిగి 81 అంశాలు క్రోడీకరిస్తే గెలుపు 48వ స్థానంలో వచ్చింది. గెలవాలన్న పట్టుదల పిల్లల్లో లేదని దీని అర్థం కాదు. గట్టిగా ఆడటం, జట్టులో కలిసిమెలిసి ఉండటం, కోచ్ మంచిగా చూడటం వాళ్లకు అంతకంటే ముఖ్యం.

క్రీడాస్ఫూర్తి అని వేదికల మీద మాట్లాడతాం గానీ పిల్లలు దాన్ని నేర్చుకునేది చాలా చిన్న సంగతుల్లో. త్రో-ఇన్ (పక్క గీత దాటిన బంతిని చేతులతో లోపలికి వేసే వంతు) మనది కాదని తెలిసీ మనదేనని చేయి ఎత్తిన పిల్లవాడికి కోచ్ ఏం చెప్పాడు? పెనాల్టీ ఏరియాలో ఊరికే పడిపోయి పెనాల్టీ తెచ్చినవాడికి చప్పట్లు కొట్టాడా? కొట్టాడంటే అదే పాఠం. అలా పడినవాణ్ని అరవకుండా బయటికి పిలిచి, రెండు నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకు పిలిచాడో చెప్పి మళ్లీ పంపాలి. పైన ఖండించిన పనికీ దీనికీ తేడా ఉంది. అక్కడ పిలిచింది చేతకానందుకు, ఇక్కడ పిలిచింది మోసం చేసినందుకు. ఈ తేడా పిల్లలకు బాగా తెలుస్తుంది.

ఎదుటి ఆటగాడు గాయపడి పడిపోతే ఏం చేయాలో మ్యాచ్‌కు ముందే చెప్పి ఉంచాలి. పెనాల్టీ ఏరియా బయట రెఫరీ ఆట ఆపితే, అప్పుడు బంతి ఎవరి దగ్గర ఉందో ఆ జట్టుకే డ్రాప్ బంతి (ఆట మళ్లీ మొదలుపెట్టడానికి రెఫరీ కింద వదిలే బంతి) వస్తుంది, మిగతావాళ్లు నాలుగు మీటర్ల దూరంలో ఉండాలి. ఈ మార్పు 2019లో వచ్చింది, చాలామంది కోచ్‌లు ఇప్పటికీ పాత పద్ధతే చెబుతున్నారు. రెఫరీ గమనించకపోతే నిర్ణయం కోచ్‌దే. 2019 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ జట్టు, ఆస్టన్ విల్లా ఆటగాడు ఒకడు నేల మీద పడి ఉండగా గోల్ కొట్టింది. కోచ్ మార్సెలో బియెల్సా తన ఆటగాళ్లను పక్కకు తప్పుకొమ్మని, అవతలి జట్టును గోల్ కొట్టనివ్వమని చెప్పాడు. మ్యాచ్ 1–1తో ముగిసింది. పై డివిజన్‌కు చేరే పోటీలో ఉండగా చేసిన పని అది. ఆ ఏడాది ఫిఫా ఫెయిర్ ప్లే అవార్డు ఆయనకూ లీడ్స్ జట్టుకూ ఇచ్చారు. అంత డబ్బు ముడిపడిన ఆటలో చేయగలిగింది పదేళ్ల పిల్లల ట్రోఫీ దగ్గర ఎందుకు చేయలేం?

రెఫరీ చాలాసార్లు తనూ పదిహేనేళ్ల కుర్రాడే అయి ఉంటాడు. తన మీద అరిచే కోచ్‌కు పసుపు కార్డు, ఎర్ర కార్డు చూపే అధికారం రెఫరీకి 2019 నుంచి నియమాల్లో ఉంది. కుర్ర రెఫరీ ఆ కార్డు తీస్తే నిర్వాహకులు అతని వెనక నిలబడాలి.

భద్రత విషయంలో రెండు సంగతులకు ఏ వాదనా అక్కర్లేదు. తలకు దెబ్బ తగిలి తికమకగా, మగతగా, వాంతి వచ్చేలా ఉంటే ఆ పిల్లవాడు ఆ రోజు మళ్లీ గ్రౌండ్‌లోకి దిగకూడదు. ‘నాకేం కాలేదు’ అని అతను చెప్పే మాటకు విలువ లేదు, అనుమానం ఉన్నా బయటే ఉంచి డాక్టరుకు చూపించాలి. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే పదేళ్లు, ఆ లోపువాళ్లకు హెడింగ్ (తలతో బంతి కొట్టడం) నిషేధించింది. రెండోది, కదిలే గోల్‌పోస్టులు. వాటి వెనక కడ్డీ మీద ఇసుక బస్తాలు వేయాలి లేదా నేలలోకి కొక్కేలతో బిగించాలి. పిల్లలు రాకముందే పెద్దవాళ్లు ముందు బార్ పట్టుకుని లాగి చూడాలి. బార్‌కు వేలాడిన పిల్లల మీద గోల్ తిరగబడి ప్రాణాలు పోయిన సంఘటనలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి.

ఇక మీకు మా విన్నపం. నార్వేలో పిల్లల క్రీడా నియమాల ప్రకారం 11 ఏళ్లు నిండే సంవత్సరం వచ్చేదాకా ఫలితాల జాబితాలు, ర్యాంకులు ఉండవు. ఇక్కడి నిర్వాహకులు ఆ నియమం పెట్టేదాకా ఆగనక్కర్లేదు, పత్రిక తనంతట తాను పాటించవచ్చు. అండర్-12 వరకు ఎన్ని జట్లు వచ్చాయి, ఎంతమంది పిల్లలు ఆడారు, ఎంత పెద్ద గ్రౌండ్‌లో ఎందరేసి ఆడారు, రెఫరీలు ఎవరు అన్నవి రాయండి. గోల్ కొట్టిన ఒక్కరి ఫొటో బదులు రెండు జట్లూ కలిసి దిగిన ఫొటో వేయండి. గెలిచిన కోచ్‌తో మాట్లాడేటప్పుడు మీ విలేకరి ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి: ‘మీ జట్టులో అందరికంటే తక్కువసేపు ఆడిన పిల్లవాడు ఎన్ని నిమిషాలు ఆడాడు?’ ఆ జవాబును కోచ్ పేరు పక్కనే అచ్చు వేయండి.

ఇట్లు,
పిల్లల ఫుట్‌బాల్ శిక్షణలో, రెఫరీ విధుల్లో ఉన్న కొందరు